హైమ వంటింటి సున్నా

వంటింట్లో గిన్నె కాస్త గట్టిగా మోగితే దాని అర్థం తెలియని మగాడు గుంటూరు మొత్తం వెతికినా దొరకడు. తెలియనట్టు పేపర్లో తల దూర్చేవాడు మాత్రం ఇంటికొకడు ఉంటాడు. మురారి వాళ్ళందరికంటే ఘనుడు. ఆ చప్పుడుకి అర్థం చెప్పే యాప్ ఒకటి తయారుచేసి లోకానికంతా పంచాడు గాని, సొంత ఇంట్లో గిన్నెలు ఏమంటున్నాయో చెవిన పెట్టలేదు. పాపం అని జాలిపడబోయేవాళ్ళు కాస్త ఆగండి. అంతా విన్నాక పడుదురు గాని.

మురారికి హైదరాబాదులో మంచి ఉద్యోగమే ఉండేది. ఎవడి కిందో ఎందుకు పడుండాలనిపించి మానేశాడు. మానేసి, గుంటూరు కొరిటెపాడులో తండ్రి రాఘవులు ఉంటున్న ఫ్లాటుకి మకాం మార్చాడు. ముందుగదిలో ఒక బల్ల, నడుం నొప్పి పెట్టే కుర్చీ, రకానికొకటి చొప్పున పాత ఫోన్లు. సొంతంగా యాప్‌లు చేసుకుని బతుకుతానన్నాడు. సొంతంగా అన్న మాట వినడానికి బాగుంటుంది. యజమాని తనే, గుమాస్తా తనే, తిట్లు తినేవాడూ తనే. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఊరూ పేరూ లేనివాడెవడో ఒక్క స్టారు పడేసి 'వేస్ట్' అని రాసి ఉంటాడు. ఎందుకు వేస్టో రాయడు. ఉచితంగా వాడుకునేవాడికే నోరెక్కువ అన్నది మురారి ఈ బతుకులో నేర్చుకున్న మొదటి పాఠం.

అతని మొదటి యాప్ మునిసిపాలిటీ కుళాయిలో నీళ్ళొస్తే చెప్పేది. నీళ్ళు రాని వీధుల వాళ్ళంతా కమిషనర్ని వదిలేసి యాప్‌ని తిట్టారు. రెండోది కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేది. దీన్ని నిజానికి ఉద్యోగంలో ఉండగానే, పెళ్ళైన కొత్తలో, సరదాగా మొదలుపెట్టాడు, బయటికి వదిలింది మాత్రం తర్వాత. ఒక పాత ఫోన్ని వంటింట్లో గిన్నెల స్టాండు వెనక ఇరికించి, విజిల్స్ కోసమని హైమకి చెప్పాడు. అప్పటికి అది నిజమే.

ఆ యాప్ కూడా ఎవరికీ అక్కరలేకపోయింది. కాని ఆ ఫోన్ మాత్రం హైదరాబాదు వంటింటి నుంచి గుంటూరు వంటింటికి వచ్చి, అక్కడా స్టాండు వెనకే నక్కి, వింటూనే ఉంది. విజిల్‌ని మిగతా చప్పుళ్ళ నుంచి వేరు చెయ్యమని మురారి కంప్యూటరుకి అప్పజెప్పిన పని ఒకటుంది. అది విజిల్స్ సంగతి వదిలేసి గిన్నెల చప్పుళ్ళని తనంతట తాను గుంపులు కట్టడం మొదలుపెట్టింది. ఒకే గిన్నె, ఒకే వంటగట్టు, ఒకే చెయ్యి. అయినా వేరు వేరు గుంపులు. మురారి ఆ రోజుల్ని గుర్తు చేసుకుని చూస్తే, హైదరాబాదులో హైమతో మాటామాటా వచ్చిన రోజులన్నీ ఒక గుంపులో పడ్డాయి. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. మనిషి గిన్నెని కింద పెట్టేటప్పుడు ఎంత జోరుగా పెట్టింది, పెట్టాక చెయ్యి ఎప్పుడు తీసింది అన్నది చాలు, మనసులో ఏముందో పట్టుకోవచ్చు. నోటితో అబద్ధం ఆడొచ్చు గాని, చారు గిన్నె దించుతూ ఎవరూ ఆడలేరు.

యంత్రానికి కోపం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు కోపం లేకపోవడం అంటే ఏమిటో చెప్పాలి. అక్కడ గీసుకున్న సున్నా గీత నుంచే మిగతాదంతా కొలవాలి. దానికి మురారి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. గుంటూరు వచ్చాక హైమ తనతో గొడవ పడని రోజులు, ఎదురు చెప్పని రోజులు, అడిగినదానికి 'సరే' అని మాత్రం అన్న రోజులు ఏరి, వాటన్నిటికీ 'శాంతం' అని గుర్తు పెట్టాడు. ఆ రోజులే ఎక్కువగా ఉన్నాయి. తన కాపురం ఇంత చల్లగా సాగుతోందా అని మురిసిపోయాడు కూడా. ఇది చదివే ఆడవాళ్ళకి ఇక్కడే విషయం బోధపడి ఉంటుంది. మురారికి మాత్రం చాలా కాలం పట్టింది.

యాప్‌కి 'అలికిడి' అని పేరు పెట్టాడు. ఫోన్ని వంటింట్లో ఏ మూలో పెడితే చాలు, హాల్లో కూర్చున్నవాడి ఫోన్లో రంగు వస్తుంది. ఆకుపచ్చ అయితే శాంతం, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే కాసేపు బజారుకి పోయి రావడం మేలు. చప్పుళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళకే ఉంటాయి, తన దగ్గరికి రావు. అది జనం మీద గౌరవం కాదు, సర్వరు పెట్టుకునే స్తోమత లేక. ఎవరు వాడుతున్నారో, ఏ ఊరివాళ్ళో కూడా తనకి తెలియదు. యూట్యూబ్‌లో ఎవడో దీని గురించి నవ్వుతూ మాట్లాడాక మొగుళ్ళంతా ఎగబడి ఫోన్లలోకి దించుకున్నారు. వాళ్ళతోపాటు అత్తగార్లూ దించుకున్నారు.

దించుకున్నవాళ్ళు ఊరుకోరుగా. ఆ కోపం ఇవాళ్టిదా పాతదా చెప్పాలని ఒకడు పట్టుబట్టాడు. వాడికి వంద మంది వంత పాడారు. గట్టిగా అరిచేవాడు అడిగిందల్లా పెట్టకూడదన్నది ఒంటరిగా యాప్‌లు చేసేవాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకునే పాఠం. మురారి కూడా కొత్తవాళ్ళకి చెప్పేవాడు. చెప్పి, తను మాత్రం పెట్టాడు. కొత్త కోపం గిన్నెని విసురుగా పెట్టి వదిలేస్తుంది, గిన్నె ఖంగున మోగి ఊరుకుంటుంది. పాత కోపం అలా మోగనివ్వదు. గిన్నె పెట్టాక చెయ్యి దాని మీదే ఉండిపోతుంది, మోత మొత్తం అరచేతిలో అణిగిపోయేదాకా. ఆ తేడాని యంత్రం పట్టుకుంది, అదీ ఆ సున్నా గీత నుంచే కొలిచి, గీత మీదే ఉన్న చెయ్యిని మాత్రం శాంతమే అనుకుని. కోపం వయసు రోజుల్లోనో ఏళ్ళలోనో చూపించసాగింది.

ఇంట్లో ఈ యాప్‌ని అందరికంటే ఎక్కువ వాడింది రాఘవులు. ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైనవాడు, బస్సులకి టైము చెప్పినట్టే కోడలి మనసుకీ చెప్పేవాడు. హాల్లో సోఫాలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ ఫోన్ తిప్పి చూపించేవాడు. మా కోడలు ఎప్పుడూ ఆకుపచ్చే, ఒక్కనాడు రంగు మారి ఎరగదు, అని. హైమ పొద్దున వంట చేసి, డయాగ్నస్టిక్ సెంటరుకి వెళ్ళి సాయంత్రం దాకా జనం నరాలు వెతికి రక్తం తీసి, వచ్చి మళ్ళీ వంట చేసేది. హాల్లో మామగారు తన మనసుని చుట్టాలకి చూపిస్తుంటే, ఆవిడ లోపల బియ్యం కడుగుతూ ఉండేది. నీళ్ళు వంచిన గిన్నెని చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టేది. రాఘవులు ఫోన్లో ఆకుపచ్చ ఇంకాస్త చిక్కగా అయ్యేది.

పక్క ఫ్లాటు ఉదయలక్ష్మి సంగతి దీనికి తలకిందులు. ఆవిడ గరిటె తిప్పితే కింది అంతస్తుకి వినపడుతుంది. పాడుకుంటూ తోముతుంది, తోముతూ ఫోన్లో చెల్లెలితో కబుర్లు చెబుతుంది, మూతలు ఎగరేసి పట్టుకుంటుంది. ఆవిడ మొగుడు యాప్ పెట్టిన మర్నాటి నుంచి ఒకటే ఎరుపు. ఏం చేశానే నేను, అని అతను అడగడం, ఏమీ చెయ్యలేదంటే నమ్మకపోవడం. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో నిజంగానే గొడవలు మొదలయ్యాయి. ఒక ఆదివారం పొద్దున్నే ఉదయలక్ష్మి తడి చేతులతోనే మురారి ముందుగదిలోకి వచ్చి నిలబడింది.

"ఏందయ్యా మురారీ, నా గిన్నెలు నీకేం అపకారం చేసినయ్? నాకు కోపమొస్తే గిన్నెలకెందుకు చెప్తాను, మా ఆయన మొహం మీదే చెప్తాను. చెప్పిన అరగంటకి నాకే గుర్తుండదు. అట్టాంటిదాన్ని నీ ఫోను గయ్యాళిని చేసి కూర్చోబెట్టింది."

మురారి కుర్చీలోంచి లేవకుండానే సర్దిచెప్పబోయాడు. మన కోపం మనకే తెలియదనీ, యంత్రం తెలుసుకుంటుందనీ, అందుకే దాన్ని కనిపెట్టాననీ అన్నాడు. అచ్చం ఇవే మాటలు ఒక్క స్టారు ఇచ్చిన ప్రతి ఆడమనిషికీ జవాబుగా అతికించడానికి రాసి పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ దగ్గర్నుంచి అలాంటి రివ్యూలు కుప్పతెప్పలుగా వచ్చాయి. తప్పుంటే ఇంతమంది చెబుతారా అన్న ఆలోచన కూడా రాలేదు మహానుభావుడికి. నిజం చెబితే ఎవరికైనా నిష్ఠూరమేననుకున్నాడు. ఉదయలక్ష్మి చేతులు కొంగుకి తుడుచుకుని, మీ ఆవిడ ఏ రంగట, అని అడిగింది. ఆకుపచ్చ అన్నాడు గర్వంగా. ఆవిడ వంటింటి గుమ్మం వైపు చూసింది. హైమ తలెత్తలేదు. ఉదయలక్ష్మి వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చినవాడు తడి చేతులతో రాలేదు. యాప్ పేజీలో చేసినవాడి చిరునామా పెట్టాలంటే మురారి ఇంటి చిరునామాయే పెట్టాడు, ఆఫీసు లేక. దాన్ని పట్టుకుని నరసరావుపేట నుంచి శేషగిరి అనేవాడు వచ్చాడు. ఎరువుల కొట్టు ఉందిట. గడ్డం మాసిపోయి ఉంది. నువ్వేనా అలికిడి చేసింది, అని అడిగి, అవునన్న మాట పూర్తి కాకముందే చొక్కా పట్టుకుని గోడకేసి నొక్కాడు. రాఘవులు సోఫాలోంచి కేకలేశాడు. హైమ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగింది, కాని విడిపించడానికి రాలేదు.

శేషగిరి భార్య సుభద్ర కూతుర్ని తీసుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఇక రానని చెప్పింది. గొడవ లేదు, కేక లేదు. వెళ్ళిన రోజున కూడా కూర చేసి మూత పెట్టి వెళ్ళింది. శేషగిరి తన ఫోన్ని మురారి కళ్ళ ముందు ఆడించాడు. నెలల తరబడి ఆకుపచ్చ. మధ్యలో ఒక్క పసుపు చుక్క లేదు.

"ఇది పెట్టక ముందు ఏదో ఒకటి అడిగేవాణ్ణి. ఏందట్టా ఉన్నావని, ఒంట్లో బాలేదా అని. ఇది ఆకుపచ్చ చూపిస్తంటే ఇంకెందుకని ఊరుకున్నా. ఇన్నాళ్ళు అడగనోడివి ఇప్పుడు అడిగితే ఏం చెప్పమంటావు అంది. నేనేం చెప్పాలి దానికి? నువ్వు చెప్పు."

శేషగిరి పట్టు వదిలేసరికి మురారి చొక్కా గుండీలు రెండు ఊడి కింద పడ్డాయి. హైమ మంచినీళ్ళు తెచ్చి శేషగిరికి ఇచ్చింది. అతను తాగాక, ఆవిడ ఇప్పుడు ఎలా ఉన్నారు, అని మాత్రం అడిగింది. శేషగిరి గ్లాసు పట్టుకుని నేల చూశాడు. తెలియదన్నాడు.

అతను పోయే ముందు ఆ ఫోన్లోని చప్పుళ్ళన్నీ మురారి తీసుకున్నాడు. తప్పు యాప్‌ది కాదని తేలిస్తే ఈ గోల వదులుతుందని అతని ఆశ. సుభద్ర వంటిల్లుని కంప్యూటరులో పెట్టి, పోలిక ఎక్కడుందో వెతకమన్నాడు. వెతకడం ఎంతోసేపు పట్టలేదు. సుభద్ర గిన్నెలు, హైమ గిన్నెలు తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తను 'శాంతం' అని గుర్తు పెట్టిన రోజులతో, ఆ సున్నా గీతతో, వెంట్రుక వాసి తేడా లేదు. ముందు, చూశావా యాప్ తప్పేమీ లేదు, అనుకున్నాడు. ఆ మాట అనుకుంటూండగానే అసలు సంగతి తట్టింది. ఇల్లు వదిలి పోయిన మనిషీ తన పెళ్ళామూ ఒకేలాగా గిన్నెలు పెడుతున్నారు.

మర్నాడు సిగ్గు విడిచి ఉదయలక్ష్మి తలుపు కొట్టాడు. ఆవిడ వంటింటి చప్పుళ్ళు కావాలన్నాడు. మనసులో ఏదీ దాచుకోని మనిషి చప్పుళ్ళతో కొత్త సున్నా గీసి చూడాలి. ఆవిడ కడుపునిండా తిట్టింది, తిట్టడం అయ్యాక తీసుకోమంది. తీసుకుని పోతుంటే వెనక నుంచి, నన్నడిగావు బాగానే ఉంది, మీ ఆవిణ్ణి అడిగే తీసుకున్నావా అప్పట్లో, అంది. మురారి వినపడనట్టు నడిచాడు.

కొత్త సున్నా పెట్టి, హైమ వంటిల్లుని మళ్ళీ కొలిచాడు. రంగుల పట్టీలో ఎరుపు దాటితే ఇంకేం పెట్టాలో తనే ఆలోచించుకోలేదు కనక, తెర మీద ఎరుపు చివరన నల్లగా వచ్చింది. పక్కన కోపం వయసు, ఏళ్ళల్లో. అది చూసి నమ్మలేక పాత చప్పుళ్ళన్నీ వరసగా వినడం మొదలుపెట్టాడు. హైదరాబాదు వంటిల్లు వచ్చింది. గిన్నెలు ఖంగుఖంగున మోగుతున్నాయి. మూతలు గింగిరాలు తిరిగి పడుతున్నాయి. మధ్యలో హైమ నవ్వు. అంత గట్టిగా నవ్వే మనిషని మురారి మర్చిపోయాడు. అలా వింటూ వస్తుంటే ఒక రోజున మోత ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ ఇంట్లో ఒక్క గిన్నె కూడా మోగలేదు. ప్రతి గిన్నె మీదా చెయ్యి అలాగే ఉంది.

ఆ రోజేమిటో మురారికి ఎవరూ చెప్పక్కరలేదు. ఉద్యోగానికి రాజీనామా పెట్టి, తండ్రికి ఫోన్ చేసి చెప్పి, అద్దె ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తున్నామని చెప్పి, లారీ మాట్లాడి ఇంటికి రప్పించిన రోజు. హైమకి చెప్పలేదు. చెబితే వద్దంటుందని భయపడ్డాడు, తర్వాత మెల్లగా చెబుదామనుకున్నాడు. సామాను కట్టేవాళ్ళు తలుపు కొడితే ఆవిడకి తెలిసింది. అప్పుడు ఆవిడ పెద్ద ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పని చేసేది, చేరాలని ఎన్నాళ్ళో ఎదురుచూసి చేరిన చోటు. ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు. సరే అంది. అనలేదు కనక అయిపోయిందనుకున్నాడు మురారి. పైగా ఆ తర్వాతి రోజులకే 'శాంతం' అని గుర్తు పెట్టాడు.

ఇక్కడైనా లేచి వంటింట్లోకి వెళ్ళి, తప్పయిపోయింది హైమా, అని ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. వెళ్ళలేదు. యాప్‌లు చేసేవాడి బుద్ధి ఒకటుంది. తప్పు దొరకగానే ఎవరికీ తెలియకుండా సరిచేసి, ఏమీ జరగనట్టు కొత్త అప్‌డేట్ పంపేస్తాడు. పెళ్ళాం విషయంలోనూ అదే బుద్ధి పని చేసింది. కొత్త సున్నా ఉన్న యాప్‌ని తన ఫోన్లో ఒక్కదాంట్లో పెట్టుకుని, హైమ కోపాన్ని దించే పనిలో పడ్డాడు. హాల్లో రంగులు చదవద్దని తండ్రికి గట్టిగా చెప్పాడు. అంట్లు తోమాడు. పాడైన మిక్సీ బాగు చేయించాడు. సాయంత్రం సెంటరు దగ్గరికి బండి మీద వెళ్ళి తీసుకొచ్చాడు. ప్రతి పని చేశాక గదిలోకి పరిగెత్తుకొచ్చి ఫోన్ చూసుకునేవాడు, ఎంత దిగిందా అని.

దిగింది. నల్లది ఎరుపయింది. కొన్నాళ్ళు అక్కడే మొండికేసింది. ఆ తర్వాత ఒక వారంలో గబగబా పసుపులోకి జారింది. ఆ వారంలో తను కొత్తగా ఏం చేశాడో మురారికి గుర్తు రాలేదు, అయినా తన ప్రతాపమేననుకున్నాడు. ఒక సోమవారం పొద్దున వంటింట్లో గిన్నె మోగింది. ఖంగుమని మోగి, ఆ మోత ఇల్లంతా తిరిగి, మెల్లగా ఆగింది. ఎవరూ దాన్ని పట్టుకుని ఆపలేదు. తర్వాత మూత మోగింది. తర్వాత కూనిరాగం. మురారి ఫోన్ చూశాడు. ఆకుపచ్చ. ఉదయలక్ష్మి వంటింట్లో కూడా ఎన్నడూ అంత నిర్మలమైన ఆకుపచ్చ రాలేదు. సున్నా అంటే సున్నా. బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు.

ఏడుపు ఆగాక ఏం చేశాడనుకున్నారు? ఆ పొద్దుటి చప్పుళ్ళనే కొత్త సున్నాగా పెట్టాడు. ఇంతకన్నా నిఖార్సయిన శాంతం లోకంలో ఎక్కడ దొరుకుతుంది? తను కళ్ళారా చూశాడు, పాత కోపం మొత్తం కరిగి దిగడం. ఆ రోజే అప్‌డేట్ పంపేశాడు. సొంత ఇంట్లో పని చేసిందని లోకం మీదకి వదలకూడదన్న పాఠం ఒకసారి తగిలినా వంటబట్టలేదు. మధ్యాహ్నానికి వేల ఫోన్లలో పాత సున్నా పోయి కొత్తది కూర్చుంది.

హైమ ఆ సాయంత్రం పెందలాడే వచ్చింది. బీరువా తలుపు తీసిన చప్పుడయింది. మురారి గదిలోకి వెళ్ళేసరికి చీరలు మంచం మీద వరసగా ఉన్నాయి, పక్కన పెట్టె. విశాఖపట్నంలో ఒక బ్లడ్ బ్యాంకులో చేరుతున్నానని చెప్పింది. వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో గది కూడా మాట్లాడుకుంది. మొన్న వారం కబురు ఖాయమైందిట. ఆవిడ గొంతులో విసురు లేదు, వణుకు లేదు. రేపు సెంటరుకి సెలవు అన్నంత మామూలుగా చెప్పింది.

మురారి అన్నది ఏమిటంటే, పొద్దున కోపం లేదుగా నీకు, నేను చూశాను, అని.

"లేదు. వెళ్దామని అనుకున్నాక ఇంక కోపం దేనికి?" అంది హైమ. చీర మడత పెట్టి పెట్టెలో పెట్టింది. "ఆ స్టాండు వెనక ఫోను విజిల్స్ కోసం కాదని మామయ్యగారు రంగులు చదవడం మొదలుపెట్టిన రోజే నాకు తెలుసు. మీరే చెబుతారని చూశాను. నరసరావుపేట నుంచి ఆయన వచ్చి వెళ్ళాకైనా చెబుతారనుకున్నాను. మీరు అంట్లు తోమారు. ఇన్నేళ్ళు గిన్నెల్ని విన్నారు కదా, ఒక్కసారి నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని. అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని. మళ్ళీ ఇక్కడే ఉండేదాన్నేమో కూడా."

ఇప్పుడు అడుగుతున్నాను అన్నాడు మురారి. ఆవిడ నిజంగానే ఆలోచించింది. ఆలోచించి, ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదంది. నా చప్పుళ్ళు మాత్రం తీసేయండి, అవి నావి, అంది. తీసేస్తానన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, అవి అప్పటికే తన చేతిలో లేవని.

హైమ పెట్టె పట్టుకుని ఆటో ఎక్కేటప్పుడు రాఘవులు సోఫాలోంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. ఫోన్ చేతిలోనే ఉంది. ఆకుపచ్చగా ఉందిగదరా, మరి ఎందుకు పోతోంది, అని కొడుకుని అడిగాడు. పెద్దాయనకి నిజంగానే అర్థం కాలేదు. ఉదయలక్ష్మి మెట్ల దాకా వెళ్ళి హైమ చేతిలో ఏదో పొట్లం పెట్టి, ఏడుస్తూ తిరిగొచ్చి, మురారి మొహం చూడకుండా తలుపేసుకుంది.

మురారి బల్ల ముందు కూలబడ్డాడు. పొద్దున తను పంపిన సున్నా ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఇల్లు వదిలి పోవడానికి నిశ్చయించుకున్న ఆడమనిషి మనసు అది. ఇవాళ్టి నుంచి ఏ ఇంట్లో ఆకుపచ్చ వెలిగితే ఆ ఇంట్లో మనిషి లోపల అన్నీ సర్దేసుకున్నట్టే. ఆ ఇళ్ళు ఎక్కడున్నాయో, ఆ మగాళ్ళెవరో తనకి తెలియదు. యాప్ పేజీ కొత్తవాళ్ళకి కనపడకుండా తీసేశాడు. కాని దించుకున్న ఫోన్లలోంచి అది పోదు. సరిచేసిన అప్‌డేట్ పంపుదామంటే, ఏ సున్నాతో సరిచెయ్యాలో తెలియలేదు. ఆకుపచ్చ కనిపిస్తే నమ్మకండి అని హెచ్చరిక రాసి పంపాడు. అప్‌డేట్‌తో వచ్చే రాతని చదివేవాడు భూప్రపంచం మీద లేడని అతనికి బాగా తెలుసు.

దించుకున్నవాళ్ళకి పేజీ ఇంకా కనిపిస్తుంది, అందులో ఆ రోజు పడిన రివ్యూలు కొన్ని మిగిలాయి. అన్నిటికంటే పైన ఉన్నదానికి అయిదు స్టార్లు. కొత్త అప్‌డేట్ సూపర్ అని రాశాడు ఎవరో. ఇన్నాళ్ళూ మా ఇంట్లో రోజుకో రంగు వచ్చేది, ఇవాళ పొద్దున్నుంచీ ఆకుపచ్చే, ఇక రోజూ ఏమైందని అడిగే బాధ తప్పింది, అని కూడా రాశాడు.

మురారి జవాబు పెట్టెలో టైపు చేశాడు. ఫోన్ పక్కన పడేసి ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళండి, ఆవిణ్ణి అడగండి, దయచేసి అడగండి, అని. పంపి, తెర వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ రివ్యూ మారింది. అయిదు స్టార్లు పోయి ఒకటయింది. కింద కొత్తగా రాసి ఉంది: 'మా ఇంటి సంగతి నీకెందుకు? చేసినవాడికి పొగరు.'